బావిలోంచి వచ్చిన కూత

మామ పోయాడన్న కబురు నాకు అనంతపురంలో, కాలేజీ హాస్టలు ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూతులో తెలిసింది. అవతల మా నాయన. "పాపా, హోటలు మామ పోయినాడు. పూడిక బావిలోకి దిగినాడు. బస్సెక్కి రా" అన్నాడు. ఎట్లా అని అడిగేలోపలే లైను తెగింది. పడ్డాడు అనలేదు నాయన, దిగినాడు అన్నాడు. కళ్యాణదుర్గం బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడవునా ఆ ఒక్క మాటనే తిప్పి తిప్పి చూసుకున్నాను. బయట చేలన్నీ దున్ని వదిలేసినవి. విత్తనం పడలేదు. ఎర్రమట్టి గాలికి లేచి బస్సుతో పాటు వస్తూ ఉంది.

మామ నాకు రక్తసంబంధం కాదు. మా ఇంటికీ ఆయన హోటలుకూ మధ్య ఒకటే గోడ. నేను పుట్టకముందు ఆయన జిల్లా కబడ్డీ జట్టులో ఆడాడు. మా ఊళ్ళో నడివయసు వాళ్ళెవరిని అడిగినా ఆయన ఆట గురించి లేచి నిలబడి చెబుతారు. ఆయన బలం కాళ్ళలో కాదట, ఊపిరిలోనట. కూత అందుకుని అవతలి జట్టు మీదికి పోతే, అందరూ పట్టి పైన పడినా, అడుగు నుంచి కూత వస్తూనే ఉండేదట. పట్టుకున్నవాళ్ళే జంకి వదిలేసేవారట. "మనిషి కనపడడు పాపా. కూత మాత్రం మట్టిలోంచి వస్తాంటాది" అని మా నాయన చెబితే చిన్నప్పుడు పడీపడీ నవ్వేదాన్ని. ఇప్పుడు ఆ మాట తలుచుకోవాలంటే భయం వేస్తుంది.

నాకు తెలిసిన మామ హోటలు మామే. బనియను, భుజాన తువ్వాలు, కొంచెం బొజ్జ. పొద్దున ఉగ్గాని బజ్జీ, మధ్యాహ్నం సంగటి, చెనక్కాయల చట్నీ. పొగలు కక్కే సంగటి తపేలాను రెండు చేతులా ఎత్తుకుని, వంటింట్లోంచి "కబడ్డీ కబడ్డీ" అంటూ బల్లల మధ్యగా వచ్చేవాడు. దారిలో కాళ్ళు చాపుకున్నవాళ్ళు గబుక్కున ముడుచుకునేవారు.

"ఏమప్పా, ఈ వయసులో గూడా పాయింట్లు కావల్నా నీకు?" అని ఒక రైతు ఎగతాళి చేశాడు ఒకసారి.

"పాయింట్లు నాకొద్దులేప్పా. నీ కాలు తీయ్ ముందు. పైన పడితే ఉడికిపోతాది" అన్నాడు మామ, కూత ముగించి, తపేలా దించి.

హోటల్లో ఆయనకు ఒక పద్ధతి ఉండేది. ఎవరు లోపలికి వచ్చినా ముందు గ్లాసు నీళ్ళు పెట్టాలి. ఏం కావాలి అని అడగడం ఆ తర్వాతే. బస్సు దిగి నీళ్ళు మాత్రమే తాగి పోయేవాళ్ళే సగం మంది ఉండేవారు. గొర్రెలు తోలుకొచ్చేవాళ్ళు, ఆసుపత్రికి వచ్చిన ముసలమ్మలు, ఆఫీసుల చుట్టూ తిరిగే రైతులు. వాళ్ళు మొహమాటపడితే, "తాగు ముందు. మాటలు తర్వాత" అనేవాడు. వరుసగా వానలు తప్పి, కుళాయి వారానికి ఒకసారి వచ్చే రోజుల్లో పక్క హోటళ్ళవాళ్ళు నీళ్ళ కుండలు లోపల పెట్టుకున్నారు. మామ కుండ మాత్రం గడప పక్కనే ఉండిపోయింది.

భార్యా, ఇద్దరు కూతుళ్ళూ ఆయనకు లోకం. మధ్యాహ్నం రద్దీ తగ్గాక పిల్లలిద్దరినీ, నన్నూ వరసగా కూర్చోబెట్టి కూత పందెం పెట్టేవాడు. చిన్నది ముక్కుతో దొంగగా గాలి పీల్చేది. "ఏమ్మే, ముక్కుతో దొంగతనం చేస్తాండావు. నాకు కనపడదనుకుంటివా?" అని చెవి పట్టుకునేవాడు.

"ఆడపిల్లలకు ఇవన్నీ యాల నేర్పుతావు?" అని వంటింట్లోంచి అత్త కసిరేది.

"ఊపిరి బిగపట్టేది నేర్పుతాండా. ఊపిరి ఆడోళ్ళకు వద్దా?"

నేను ఇంటర్లో చేరాక పేపరు చదివి వినిపించే పని నాకు అప్పజెప్పాడు. కొత్త మాట తగిలితే ఆపేవాడు. "కోడలా, ఆ మాటకు అర్థమేమి?" అని అడిగేవాడు. అర్థాలు వెతుక్కోవడంలోని రుచి నాకు అప్పుడే తగిలింది. ఒకరోజు పేపర్లో మా జిల్లా గురించి రాశారు. భూగర్భ జలాలు అడుగంటాయని. గర్భం అంటే కడుపు మామా, భూమి కడుపులోని నీళ్ళు అని చెప్పాను, తెలిసినదాన్నన్న ఉత్సాహంతో. ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. తల తిప్పి పెరటి వైపు చూశాడు.

పెరట్లో పాత బావి ఉంది. కుళాయిలు వచ్చాక దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మట్టి, చెత్త, విరిగిన ఇటుకలు పడి సగం పూడిపోయింది. దాని లోపల పావురాలు కూడా గూడు పెట్టవని మా అవ్వ అనేది. మా బడి రోజుల్లో దాని పక్కన ఆడుకుంటే అత్త కేకలేసి లాక్కుపోయేది. ఆ బావి పూడిక తీయించాలని మామ నిర్ణయించుకున్నాడు. అప్పటికి నేను డిగ్రీలో చేరి అనంతపురం వచ్చేశాను. తర్వాత జరిగింది ఆయన పెద్దకూతురూ మా నాయనా చెప్పగా తెలిసిందే.

పూడిక తీయడానికి పక్కపల్లె నుంచి ఒకాయన వచ్చాడు. పాత బావిలోకి దిగేముందు మా వైపు లాంతరు వెలిగించి తాడుతో లోపలికి దించుతారు. ఆరితే అడుగున చెడుగాలి ఉన్నట్టు. అప్పుడు వేపమండలు కట్టి పైకీ కిందికీ ఆడిస్తారు, కడవలకొద్దీ నీళ్ళు పోస్తారు. గాలి కదిలి తేటపడుతుంది. మొదట్లో అన్నీ సరిగానే సాగాయి. లాంతరు నిలకడగా వెలిగింది. గంపలకొద్దీ మట్టి పైకి వచ్చింది. రోజులు గడిచేకొద్దీ ఆ మట్టి రంగు ముదురుతూ వచ్చింది. చేత పట్టుకుంటే చల్లగా ఉండేదట. మామ ఆ మట్టిని ముద్ద చేసి హోటల్లో అందరికీ చూపించాడు. "ముక్కు దగ్గర పెట్టుకోప్పా. నీళ్ళ వాసన వస్తాంది" అన్నాడు.

అంతలో పూడికాయన ఊళ్ళో జాతర వచ్చింది. పని ఆగింది. కూతుళ్ళిద్దరూ పెరట్లోనే తిరుగుతారు, తొంగి చూస్తే ప్రమాదమని, మామ రేకులు తెచ్చి బావి నోరు మూసేశాడు. సందు లేకుండా చుట్టూ రాళ్ళు పేర్చాడు. పిల్లల కోసం చేసిన పని అది. ఆ రేకుల కింద గాలి ఏమైందో ఎవరికి తెలుసు?

జాతర అయ్యాక ఒక పొద్దున రేకులు తీశారు. లాంతరు దించారు. ఆరిపోయింది. వేపమండలు ఆడించారు. మళ్ళీ దించారు. మళ్ళీ ఆరింది.

"నీళ్ళు పోయల్ల అన్నా" అన్నాడు పూడికాయన. "కుండలన్నీ కుమ్మరిచ్చినా చాలవు."

ఇంట్లో ఉన్నవి ఆ రోజు హోటలుకు సరిపడే నీళ్ళు. కుళాయి మళ్ళీ ఎప్పుడు వస్తుందో తెలియదు. బస్సులు వచ్చే వేళ.

"నీళ్ళ కోసరం తవ్వే బావిలో ఇంట్లో ఉండే నీళ్ళు పోయల్నా? బస్సు దిగి వచ్చినోళ్ళకు ఏం పెట్టల్ల?" అన్నాడట మామ. అని, ఒక్క బిందె మాత్రం పోశాడు. మూడోసారి లాంతరు దించారు. ఈసారి ఆరలేదు. చిన్నగా, వత్తిని పట్టుకుని వేలాడుతున్నట్టు వెలిగింది. ఇద్దరూ వంగి దానివైపే చూశారు.

"ఎలుగుతాంది గదా?" అన్నాడు మామ.

"ఎలుగుతాందిలే అన్నా" అన్నాడు పూడికాయన. నడుముకు తాడు కూడా కట్టుకోకుండా, రాళ్ళ మెట్లు పట్టుకుని దిగాడు.

అడుగున పార ఒకసారి చప్పుడు చేసింది. మళ్ళీ చేయలేదు. తొంగి చూస్తే ఆయన తడిమట్టిలో కూర్చుని ఉన్నాడు, నిద్ర వచ్చినవాడిలా, గడ్డం రొమ్ము మీద వాలి. అత్త అరిచింది. మా నాయన గోడ దూకి వచ్చాడు. అప్పటికే మామ తాడు భుజాన వేసుకున్నాడు.

"వద్దప్పా, దిగొద్దు. దిగేది తెలిసిన మనిషిని పిలిపిస్తాం" అన్నాడు నాయన.

"వచ్చేదాకా ఆయప్ప ఉంటాడా? నాకు ఊపిరుండాది. నువ్వు తాడు పట్టుకో."

నిండుగా గాలి పీల్చి, కూత అందుకుని దిగాడు. కబడ్డీ, కబడ్డీ. కూత పెడుతున్నంతసేపూ గాలి లోపలికి పోదు. ఆయనకు తెలిసిన విద్య అదొక్కటే. అంచున నిలబడినవాళ్ళకు మనిషి చీకట్లో సరిగా కనపడలేదు, మాట మాత్రం వినిపిస్తూ ఉంది. తాడు బిగిసింది. నాయనా, హోటల్లో తింటున్న ఇద్దరూ కలిసి లాగారు. పూడికాయన చంకల కింద ముడి వేసి ఉంది. ఆయన సగం దూరం వచ్చేసరికి కింద కూత సన్నబడింది. అంచు మీదికి వచ్చేసరికి తెగి తెగి వస్తూ ఉంది. ముడి విప్పి తాడు మళ్ళీ కిందికి వేశారు. అది అడుగున పడిన చప్పుడు అందరికీ స్పష్టంగా వినిపించింది. అంటే, అప్పటికి ఇంకే శబ్దమూ లేదు.

పెద్దకూతురు ఇదంతా నాకు ఏడవకుండా చెప్పింది. ఆఖర్న ఒక్కటే అడిగింది. "అక్కా, నాయన ఊపిరి ఇంకొంచెం నిలబడుంటే?" ఇన్ని మాటలు నేర్చుకుంటున్నాను. ఆ పిల్లకు చెప్పదగ్గది ఒక్కటీ దొరకలేదు.

పూడికాయన బతికాడు. కర్మ రోజున వచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. అత్తే బయటికి వచ్చి, "అన్నం తిని పో అన్నా. ఆయన నిన్ను ఆకలితో పంపేదానికి పైకి తీయలేదు" అంది. ఆయన తిన్నాడు. తింటున్నంతసేపూ తల ఎత్తలేదు.

బావి పూడ్చేద్దామని అత్త అన్నదమ్ములు ట్రాక్టరు మాట్లాడారు. ఎర్రమట్టితో అది వచ్చి పెరటి దగ్గర ఆగింది కూడా. డ్రైవరు ఒకసారి లోపలికి తొంగి చూసి, ఇంజను ఆపేశాడు. "అమ్మా, మీరే వచ్చి చూడండి" అన్నాడు.

అందరం పోయి చూశాం. అడుగున, గాలి తేటపడ్డాక మామను పైకి తీసిన చోట, నీళ్ళు ఊరాయి. తట్టంత నీళ్ళు. ట్రాక్టరును వెనక్కి పంపమని అత్త చెప్పింది. రేకులు కూడా వేయనివ్వలేదు. చుట్టూ ముళ్ళకంప మాత్రం పెట్టించింది.

నేను అనంతపురం తిరిగి వచ్చే రోజున పిల్లలిద్దరితో మళ్ళీ పోయి చూశాను. తట్టంత నీళ్ళు చాపంత అయ్యాయి. వాటిలో ఆకాశం ఉంది, కంప మీదుగా వంగిన మా ముగ్గురి తలలూ ఉన్నాయి. చిన్నది ఇంకొంచెం ముందుకు వంగింది. పెద్దది దాని గౌను వెనక నుంచి పిడికిట్లో పట్టుకుంది. ఆ బావిలో ఇప్పటిదాకా ఎవరూ చేద వేయలేదు. నీళ్ళు మాత్రం ఊరుతూనే ఉన్నాయి.