ఫుజైరాలో అమెరికా బేరం

నాలుగు వందల దిర్హమ్‌ల టికెట్‌ని నూట డెబ్బైకి దించాను. దుబాయ్ కరామాలో ఒక ట్రావెల్స్ కౌంటర్ దగ్గర ముప్పావుగంట నిలబడి, నీళ్లు కూడా తాగకుండా దించాను. చీరాలలో బట్టల కొట్ల మధ్య పుట్టి, మాటలు రాకముందే గజంబద్ద పట్టుకున్నవాణ్ని. ఆ మాత్రం చేతకాకపోతే మా నాన్న పరువేం కావాలి? అమ్మినవాడు చివరికి రెండు చేతులూ ఎత్తి, "మీతో పెట్టుకోకూడదు సార్" అన్నాడు. ఆ మాటకు రెండు రోజులు మురిసిపోయాను. మూడో రోజు ఫుజైరా హోటల్ గుమ్మంలో తెలిసింది, ఆ సభకి ప్రవేశం ఉచితమని.

సభ అమెరికా గురించి. ఆ దేశం నుంచి వచ్చిన ఒక పండితుడు అక్కడి రాజకీయాన్నీ సమాజాన్నీ లోపలి నుంచి నడిపించే శక్తులేమిటో విప్పి చెబుతాడట. గుండీలు, జిప్పులు, లైనింగ్ గుడ్డ టోకున అమ్ముకునే నాకు ఆ శక్తులతో ఏం పని? పని నాది కాదు, సువార్తది.

సువార్త మా ఊరి అమ్మాయి. వాళ్ల నాన్న ఏటా క్రిస్మస్ బట్టలు మా కొట్లోనే తీసేవాడు. ఎనిమిదేళ్లుగా ఫుజైరాలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. అమెరికా నర్సు పరీక్ష ఎప్పుడో పాసయింది. వీసా ఫైలు వరుసలో ఉంది. ఆ వరుస ఒక నెల కదిలితే మూడు నెలలు నిలబడుతుంది. ఈలోగా ఇక్కడి ఆసుపత్రివాళ్లు వార్డు ఇన్‌చార్జిని చేస్తామన్నారు. దాంతో పాటు ఫ్యామిలీ ఫ్లాటు ఇస్తారు. చీరాలలో ఉన్న భర్తనీ ఆరేళ్ల కూతురు కెజియానీ బడులు తెరిచేలోగా తెచ్చుకోవచ్చు. అయితే మూడేళ్ల ఒప్పందం. మధ్యలో అమెరికా పిలిచినా వెళ్లడానికి లేదు, వెళితే జరిమానా. ఆదివారంలోగా సంతకం పెట్టాలి.

"అన్నయ్యగారూ, మీరు నాలుగు పేపర్లు చదువుతారు" అంది ఫోన్లో. "శనివారం ఇక్కడ ఫుజైరాలోనే మీటింగంట. వచ్చి ఆయన చెప్పేది విని, ఆ దేశం మమ్మల్ని రానిచ్చేదేనా కాదా ఒక్క మాట చెప్పండి. దాన్ని బట్టి సంతకం సంగతి చూసుకుంటా."

జిప్పు ఎన్ని అంగుళాలు అని తప్ప ప్రపంచం గురించి నన్నెవరూ ఏమీ అడగలేదు ఇన్నేళ్లలో. ఛాతీ రెండంగుళాలు పెరిగింది. బయల్దేరాను.

శనివారం ఉదయం ఆరున్నరకి కరామాలో ఇడ్లీ, టీ, తొమ్మిది దిర్హమ్‌లు. మెట్రోలో యూనియన్ స్టేషన్, మూడు. అక్కడి నుంచి ఫుజైరా బస్సు ఏడుంబావుకి కదిలింది, ఇరవై అయిదు. వెళ్లదలచినవాళ్లు ఎడమవైపు కూర్చోండి. కుడివైపు ఎండ కొండలు వచ్చేదాకా చెంప మీద నుంచి లేవదు. నాకు కుడివైపే దొరికింది.

పక్కన కూర్చున్నాయన రాజయ్య. జగిత్యాల వైపు పల్లె. ఫుజైరాలో కొండలు పగలగొట్టే కంకర క్వారీలో మిషన్ నడుపుతాడు. దుబాయ్‌లో అల్ కుసైస్ కూలీల క్యాంపులో బావమరిదిని చూసి తిరిగి వెళుతున్నాడు. కాగితంలో చుట్టిన గుడ్డు పరాఠా రెండు ముక్కలు చేసి ఒకటి నా చేతిలో పెట్టాడు.

"ఏడికి సేటు?"

"ఫుజైరాకే. అమెరికా గురించి మీటింగుంది."

"అమెరికా గురించి ఫుజైరల మీటింగా?" కాసేపు నమిలాడు. "ఏం చెప్తరట?"

"అక్కడి జనం ఎందుకంత కోపంగా ఉన్నారో చెబుతారట."

"గా దానికి మీటింగెందుకు? మా పాత కంపెనీ మునిగినప్పుడు మాకు అయిదు నెలల జీతం ఆగింది. వీసా ఇచ్చిన కఫీల్‌ను ఒక్క మాట అన్లే. మేనేజర్ ముదీర్‌ను అన్లే. పక్క రూముల బంగాలోళ్లు తక్కువకు జేయవట్టే గిట్లయిందని వాళ్లతోని కొట్లాడినం. నా పన్ను గూడ ఒకటి ఊడింది." నోరు తెరిచి ఖాళీ చూపించాడు. "ఆనక తెల్సింది, వాళ్లకు ఏడు నెలలు ఆగిందంట. ఖలాస్."

మసాఫీ దాటాక కొండలు దగ్గరికొచ్చాయి. వాటిలో కొన్నిటిని కేకు కోసినట్టు నిలువునా కోసేశారు. "గది మాది" అని చూపించాడు రాజయ్య, సొంత ఇల్లు చూపించినట్టు. తొమ్మిదిన్నరకి దిగాం. హోటల్‌కి టాక్సీ పన్నెండు.

గుమ్మంలో నా టికెట్ చూసి అక్కడి అమ్మాయి జాలిగా నవ్వింది. లోపల అరవై కుర్చీలు, ఎక్కువ మంది నర్సులు, కొందరి పక్కన భర్తలు. సభ పెట్టింది నర్సుల్ని విదేశాలకి పంపే ఒక కన్సల్టెన్సీ అని కుర్చీలో పెట్టిన రంగు కాగితం చూస్తేగానీ తెలియలేదు. ఎర వేసేవాడే చేప మనస్తత్వం మీద ఉపన్యాసం ఇప్పిస్తున్నాడన్నమాట. సువార్త రాత్రి డ్యూటీ దిగి, స్నానం చేసి, తడి జడతో వచ్చి నా పక్కన కూర్చుంది. చేతిలో చిన్న నోటు పుస్తకం.

పండితుడు కోటు కింద తెల్ల బూట్లు వేసుకుని వచ్చాడు. మొదట తెర మీద మూతపడ్డ ఫ్యాక్టరీ బొమ్మ వేశాడు. జీతం పోతే మనిషి తట్టుకుంటాడట, మర్యాద పోతే తట్టుకోలేడట. ఆ మనిషికి ఫ్యాక్టరీ మూసినవాడు కనపడడు, ఎదురింట్లోకి కొత్తగా వచ్చినవాడు కనపడతాడట. సగం పరాఠా తినేలోపు రాజయ్య చెప్పిన సంగతికి ఈయనకు ఇరవై రెండు బొమ్మలు పట్టాయి. పైగా ఈయనకు పళ్లన్నీ ఉన్నాయి.

తర్వాత నమ్మకం గురించి. అక్కడ సగం మంది డాక్టర్ని నమ్మరు, పేపర్ని నమ్మరు, కోర్టుని నమ్మరు, లెక్కపెట్టిన ఓట్లని నమ్మరు. ఫోన్లో ముక్కూ మొహం తెలియనివాడు చెప్పింది మాత్రం నమ్ముతారు. మా బజారులోనూ ఒక గిరాకీ ఉండేవాడు. గజంబద్ద తప్పంటాడు, కత్తెర తప్పంటాడు, చివరికి తోపుడు బండి మీద రంగు పోయే గుడ్డ కొనుక్కుని, కొట్లవాళ్లంతా దొంగలని చాటుకుంటూ తిరుగుతాడు. అలాంటివాడు బజారుకి ఒకడుంటే కాలక్షేపం. బజారంతా వాళ్లే అయితే దానికి ప్రజాస్వామ్యంలో సంక్షోభమని పేరు పెట్టి, విమానం టికెట్ ఇచ్చి పండితుణ్ని పంపుతారు.

కోపం గురించి చెప్పినప్పుడు మాత్రం చెవి ఒగ్గాను. మా కొట్లో కోపమొచ్చిన గిరాకీ లేచిపోతాడు. అందుకే మా నాన్న పరిగెత్తించి సోడా తెప్పించేవాడు. వాళ్ల ఫోన్ల వ్యాపారంలో కోపమొచ్చిన గిరాకీ ఇంకో గంట కూర్చుంటాడట. ఎంతసేపు కూర్చుంటే కొట్టుకి అంత లాభమట. అలాంటి కొట్లో సోడా ఎవడు తెప్పిస్తాడు?

గెలిస్తే నా గొప్ప, ఓడితే నా తప్పు అని ఆ దేశంలో పసితనం నుంచే నేర్పుతారట. ఓడినవాడు ఎంతకాలమని తన తప్పే అనుకుంటాడు? ఎవడో మోసం చేశాడని అనుకోవలసిందే. ఎవడంటే, గేటు దాటి వచ్చినవాడు. "ఇల్లన్నాక తలుపు ఉండాలి కదా" అన్నాడు పండితుడు. హాలంతా చప్పట్లు. రెండేళ్లకోసారి వీసా ముద్ర కోసం చాచే చేతులన్నీ కలిసి కొట్టిన చప్పట్లవి. వాటిలో నావి కూడా ఉన్నాయి.

సువార్త కొట్టలేదు. ప్రశ్నల వేళ లేచి నిలబడి ఇంగ్లీషులో అడిగింది, "మీ ఇంట్లో పెద్దవాళ్లని ఎవరు చూసుకుంటున్నారు సార్?"

ఆయన మొహం మెత్తబడింది. తల్లి వృద్ధుల ఆశ్రమంలో ఉందని, ఫిలిప్పీన్స్ నర్సు చూసుకుంటోందని చెప్పాడు. "ఆమె మా ఇంటి మనిషి. ఆమె సంగతి వేరు."

సువార్త కూర్చుని, నోటు పుస్తకం మూసి, నా చెవిలో అంది, "అందరికీ వాళ్ల నర్సు సంగతి వేరేనంట. మరి తలుపు ఎవరి కోసం అన్నయ్యగారూ?"

నేను అప్పుడే లేచి రావలసింది. లేవలేదు. చివరి బొమ్మ పడింది. ఇప్పుడు ఆ దేశాన్ని నడిపే అసలు ఆలోచన బేరమట. స్నేహమైనా, సుంకమైనా, యుద్ధమైనా బేరమే. గట్టిగా అడుగు. కాదంటే లేచి నడువు. ఎదుటివాడే వెనక్కి పిలుస్తాడు. లేచి పోగలిగినవాడిదే బలం.

రెండు గంటలు ఆ మనిషిని మనసులో వెక్కిరించినవాణ్ని, ఒక్కసారి నిటారుగా కూర్చున్నాను. మా బజారు విద్య ఇంగ్లీషులో, మైకులో, తెర మీద. నా అంత తెలివైనవాడు అమెరికాలోనూ ఉన్నాడనిపించింది.

ఒంటిగంటకి మలయాళీ మెస్సులో చేపల భోజనం, ఇద్దరికీ ముప్పై రెండు. అన్నం కలుపుతూ సలహా ఇచ్చాను. "ఆ దేశం తలుపు తీస్తుందో మూస్తుందో ఆయనకే తెలియదు. నువ్వు రెండూ చేతిలో పెట్టుకో. ఇన్‌చార్జి అవుతాను, కానీ అమెరికా వీసా వస్తే జరిమానా లేకుండా వదలాలి అని ఒక ముక్క రాయమను. కాదంటే లేచి వచ్చెయ్. నిదానంగా నడువు. వెనక్కి చూడకు."

"మా సూపరింటెండెంట్ పిలిచే రకం కాదండీ."

"ఎనిమిదేళ్ల నర్సుని ఎవరు వదులుకుంటారమ్మాయ్? పిలుస్తుంది చూడు."

"నాకు సంతకం పెట్టెయ్యాలనే ఉందండీ. పిల్లకి ఇక్కడ బడి కూడా అడిగి పెట్టా."

"పెడుదువు గానీ, మంచి ధరకి పెట్టు" అన్నాను. ఆ మాట అన్నది నేనే. రాసి ఉంచుతున్నాను.

నాలుగింటికి ఆమె సూపరింటెండెంట్ గదికి వెళ్లింది. నేను ఆసుపత్రి క్యాంటీన్లో రెండు కరక్ టీలు తాగాను, మూడు దిర్హమ్‌లు. అయిదుకి పది నిమిషాలుండగా వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఏమంది?"

"ఓకే సిస్టర్, నో ప్రాబ్లం అంది. అని ఇంకో ఫైలు తీసింది."

"నువ్వు?"

"మీరు చెప్పినట్టే నడిచా. నిదానంగా. లిఫ్టు వచ్చింది, పోనిచ్చా. ఇంకోటి వచ్చింది, అదీ పోనిచ్చా. ఎవరూ పిలవలా." గ్లాసులో నీళ్లు తాగింది. "మూడోది రాకముందే తిరిగెళ్లా."

తిరిగి వచ్చిన గిరాకీకి ధర పెరుగుతుందని మా బజారులో కుక్కపిల్లకి కూడా తెలుసు. ఆమె మూడేళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టింది, అమెరికా ముక్క లేకుండానే. ఉద్యోగం ఇచ్చారు. ఫ్యామిలీ ఫ్లాటు మాత్రం ఆరు నెలలు పనితీరు చూశాక ఇస్తారట. నిన్నటిదాకా ఆ షరతు లేదు. అప్పటిదాకా ముగ్గురు నర్సులతో పంచుకుంటున్న గదే.

లేచి నడిచే విద్య పనిచేసేది ఇరవై కొట్లున్న వీధిలో. ఆసుపత్రి వసారాలో కొట్టు ఒకటే. పండితుడి దేశం లేచి నడిస్తే పిలవడానికి ప్రపంచం అంతా వెనక నిలబడి ఉంది, ఇప్పటికైతే. ఎన్నాళ్లు నిలబడుతుందో ఆయన ఏ బొమ్మలోనూ చూపించలేదు. టోకు వర్తకుడి ఎత్తు తీసుకెళ్లి చిల్లర గిరాకీ చేత వేయించాను. వేసింది ఆమె, వేయించిన మేధావిని నేను.

టాక్సీ దాకా వచ్చి సాగనంపింది. "మీ తప్పు కాదులెండి అన్నయ్యగారూ. విన్న తలకాయ నాది" అంది. మాటలో మర్యాద చుక్కైనా తగ్గలేదు. తగ్గితే కాస్త తేలికగా ఉండేది.

ఆరింటి బస్సులో నా పక్కన సభలో చూసిన ఒక భర్త కూర్చున్నాడు. చేతిలో రంగు కాగితం నలగకుండా పట్టుకున్నాడు. "బలే చెప్పాడు కదండీ" అన్నాడు. "లేచి నడవడమే బలమట."

"నడిచే ముందు వీధిలో ఎన్ని కొట్లున్నాయో లెక్కపెట్టుకోండి" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు, కాగితం చదువుకుంటూ కూర్చున్నాడు. కిటికీలో కోసిన కొండలు వెనక్కి పోయాయి. ఒక మహాదేశం మనసు తెలుసుకోవడానికి వెళ్లి నేను తెచ్చుకున్నదేమిటంటే, ఆ మనసు నాకు కొత్తది కాదు. నచ్చినదాన్నే నమ్మి, నష్టాన్ని పక్కవాడి మీద వేసే అలవాటు మా వీధిలోనూ ఉంది. వాళ్లు దానికి తెర, మైకు పెట్టారు.

యాత్ర ఖర్చు: మెట్రో రానూపోనూ ఆరు. బస్సు యాభై. టాక్సీలు ఇరవై నాలుగు. ఇడ్లీ, టీ తొమ్మిది. భోజనాలు ముప్పై రెండు. కరక్ టీ మూడు. ఉచిత సభకి టికెట్ నూట డెబ్బై. మొత్తం రెండు వందల తొంభై నాలుగు దిర్హమ్‌లు, నేను కట్టాను. ఇవి కాక ఆరు నెలలు. అవి నా లెక్కలో రాసుకోవడానికి లేదు. కట్టేది చీరాలలో ఒకటో తరగతి చదువుతున్న కెజియా.