చూడకుండా ఊపిన తల

మా కిరాణా కొట్టు పక్కనే ఉన్న టైలరన్నయ్య నోటికి తాళం ఉండదు. మెడ కొలత తీసేలోపు వీధి కబుర్లన్నీ చెప్పేస్తాడు. వదినకు పుట్టుకతోనే చెవులు వినపడవు, మాట రాదు. ఆమె మాటలన్నీ చేతుల్లోనే. మిషను ముందు ఆయన, ఎదురుగా గుండీలు కుడుతూ ఆమె. ఏదైనా చెప్పాలంటే వదిన బల్ల మీద తట్టేది, ఆయన తలెత్తేవాడు. పోట్లాట వస్తే మాత్రం ఇద్దరూ చేతిలో పని పక్కన పడేసి మరీ తిట్టుకునేవాళ్లు. చేతులు ఖాళీ లేకపోతే తిట్లెలా వస్తాయి!

తర్వాత ఆయన చేతికి కొత్త ఫోను వచ్చింది. మిషనుకు ఆనించి పెట్టుకుని, కుడుతూనే వీడియోలు చూసేవాడు. మనమైతే ఫోను చూస్తూ కూడా ఇంట్లోవాళ్ల మాట సగమైనా చెవిన వేసుకుంటాం. ఆయనకు ఆ వీలు లేదు. ఆ ఇంట్లో చూడకపోతే విననట్టే. అయినా వదిన బల్ల తట్టగానే, తెర మీంచి చూపు తిప్పకుండా తలూపేవాడు.

"ఏమంటోంది అన్నయ్యా?" అని అడిగితే, "ఏముంటుందమ్మా, దారం అయిపోయుంటుంది" అని నవ్వేవాడు. నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు వదిన నా చెయ్యి లాక్కుని తన రొమ్ము పక్కన పెట్టుకుంది. గట్టిగా గడ్డ తగిలింది. అప్పటికప్పుడు ఇద్దరినీ ఆసుపత్రికి తీసుకెళ్లాను.

"ఎప్పటినుంచి ఉందిది?" అంది డాక్టరమ్మ.

అన్నయ్య చేతులతో అడిగి, జవాబు చూశాడు. "ఎండాకాలం నుంచీ ఉందటండీ."

"ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదా?"

వదిన చేతులు చకచకా కదిలాయి. అన్నయ్య ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఆమె మాట బయటికి రావాలంటే ఆయన నోరే దిక్కు.

"చెప్పిందటండీ. చాలాసార్లు."

"ఎవరికి?"

"నాకే."

"మరి మీరేమన్నారు?"

ఆయన వదిన వైపు చూశాడు. వదిన ఆయన ముఖం చూసి ప్రశ్నేమిటో గ్రహించింది. డాక్టరమ్మ వైపు తిరిగి, నెమ్మదిగా తలూపి చూపించింది. దానికి ఎవరూ అర్థం చెప్పక్కర్లేకపోయింది.

పరీక్ష కోసం బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. అన్నయ్య జేబులో ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఆయన వదిన ఎదుట నేల మీద కూలబడి, ఏదైనా అనమని, పోనీ తిట్టమని చేతులతో బతిమాలాడు. చూస్తున్న నాకే ఏడుపొచ్చింది.

వదిన కళ్లు మూసుకుంది.