వేసవంతా ఆగని ఇంజను

కడియంలోని మా నర్సరీ మొక్కలను రాజమండ్రి అపార్ట్‌మెంట్లకు చేర్చడానికి మాకొక వ్యాను ఉంది. అప్పట్లో దాన్ని నడిపిన ఆయనకు యాభై దాటాయి. నేను బాబాయ్ అని పిలిచేదాన్ని.

ఆ వేసవిలో రోజూ మధ్యాహ్నం కరెంటు పోయేది. ఐదు నెలల మా బాబుకు ఒళ్లంతా చెమటకాయలు. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లితే, ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేదాన్ని. ఒకరోజు బాబాయ్ భోజనానికి వచ్చి వ్యాను ఆపుతుంటే, వాణ్ణెత్తుకుని వెళ్లి ముందు సీట్లో కూర్చున్నాను.

"కాసేపు ఏసీ ఉంచు బాబాయ్."

"కదలకుండా ఇంజను ఆడితే బండి పాడైపోద్దమ్మా."

"ఒక్క గంటే కదా."

బాబు వెంటనే నిద్రపోయాడు. మర్నాటి నుంచి గంట కాస్తా మూడు గంటలైంది. మామగారూ మా ఆయనా ఆ వేళ కాలవ అవతలి తోటలో ఉండేవారు. బాబాయ్ అరుగు మీద కునుకు తీసేవాడు.

ఒక ఆదివారం మా ఆయన ఇంజను ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూసి మురిసిపోయారు. "చుక్క తగ్గలేదు. ఇంకా పెరిగినట్టుంది."

వానలు పడకముందే వ్యాను ఆగిపోయింది. ఇంటికి లాక్కొచ్చాక మెకానిక్ అదే పుల్ల తీసి చూశాడు. "ఆయిల్ పెరగడమేంటండి బాబూ? డీజిలు కలిసి పల్చబడిపోయింది. ఫిల్టరు నిండా మసి. ఇది తిరిగి పాడైన బండి కాదండి, నిలబడి పాడైంది. ఎవరో ఏసీ వేసుకుని కులాసాగా పడుకున్నారు."

మామగారు బాబాయ్ వైపు తిరిగారు. "ఏరా మహారాజా, చల్లగా నిద్ర పట్టిందా?"

మామగారే వ్యాను తలుపు తెరిచారు.

"ఎక్కు. అద్దాలెత్తుకుని పడుకో. మేమూ చూస్తాం."

ఎక్కాడు. అద్దాలు ఎత్తాడు. వ్యాను నడి ఎండలో ఉంది. తోటపని ఆడవాళ్లు కుండీలు దించి మరీ నవ్వారు. "దొరగారికి దుప్పటి కావాలేమో," అంది ఒకావిడ. ఆయన చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. "చాల్లెండి నాన్నా," అని మా ఆయన ఒకసారి అని, ఫోన్ చూసుకున్నారు.

నేను గుమ్మంలో ఉన్నాను. కూర్చున్నది నేనని ఒక్క మాట చెబితే చాలు. కానీ పసివాణ్ణి రోజూ ఆ ఇంజను పొగలో పెట్టావా అంటారు. ఇక బాబును నా చేతికివ్వరు. బాబాయ్ అద్దంలోంచి నా వైపు చూశాడు. బాబుకు ఎండ తగులుతోందని లోపలికి వెళ్లిపోయాను.

ఆ సాయంత్రమే ఆయన్ని పనిలోంచి తీసేశారు.

ఇప్పుడు మా గదికి ఇన్వర్టరు ఉంది. బాబు నిద్రపోయాక ఇది రాస్తున్నాను. ఈ ఉదయం మా ఆయనతో బైకు మీద వెళ్తుంటే దారిలో లారీ అడ్డంగా ఉంది. దానికి కుండీలు ఎక్కిస్తున్నది బాబాయే. నన్ను చూసి దగ్గరికొచ్చాడు.

"బాబుకు చెమటకాయలు తగ్గాయా అమ్మా?"

మా ఆయన వెనక్కి తిరిగారు. "వాడితో నీకు మాటలేంటి?"

"నేనేం మాట్లాడలేదండి. వాడే పలకరించాడు."

బాబాయ్ ఇంకా అక్కడే ఉన్నాడు.