బస్సెక్కని వాక్యాలు

పొడుగు వాక్యం కనబడితే మా కత్తెర టీచరు చేతులు ఊరుకోవు. బుద్ధి ఎదుగుదల నెమ్మదిగా ఉండే పిల్లలకు పాఠాలను తేలిక మాటల్లో తిరగరాయడం ఆమె ఉద్యోగం. చేతిలో ఎర్ర పెన్సిలు, సంచిలో నిజంగానే కత్తెర. ఆ ఉద్యోగం బడితో ఆగితే బాగుండేది. ఆమె ఉండేది మా పై అంతస్తులోనే.

ఓసారి లిఫ్టులో "సాంకేతిక కారణాల దృష్ట్యా రేపటి నీటి సరఫరాకు అంతరాయం కలుగవచ్చునని నివాసులకు తెలియజేయడమైనది" అని కాగితం అంటించారు. లిఫ్టు పైకి చేరేలోపు అది "రేపు నీళ్ళు రావు. ఇవాళే పట్టుకోండి" అయింది. సెక్రటరీ లబోదిబోమన్నాడు. మొదటిసారిగా అందరి బకెట్లూ నిండాయి.

ఇక నేను. ఫిజిక్సు చదివినవాణ్ణి, పైగా పదేళ్ళ ఆడపిల్ల తండ్రిని. 'ఒకవేళ' లేకుండా ఊపిరి కూడా తీయను. మా అమ్మాయి ఆమె క్లాసే. స్నేహితురాలితో కలిసి స్కూలు బస్సులో వెళ్తానని పట్టుబట్టింది. పోయిన నెల ఎక్కిస్తే, బస్సు దారిలో ఆగగానే బెదిరి ఏడ్చింది. పరుగెత్తి దింపుకొచ్చాను. ఇంకోసారి అలా జరిగితే మళ్ళీ బస్సు పేరెత్తదు. అందుకని బస్సులో ఏమేం జరుగుతుందో ముందే చెప్పే చిన్న బొమ్మల పుస్తకం చేద్దామన్నారు టీచరుగారు. రాసే పని నేను నెత్తికెత్తుకున్నాను.

మూడు పేజీలు పట్టుకెళ్ళాను. చదివి కళ్ళద్దాలు తీశారు.

"బాబూ, ఇందులో బస్సెక్కడుంది?"

"రెండో పేజీలో వస్తుందండీ. ముందు జడత్వం గురించి కొంచెం..."

"పిల్ల జడత్వం ఎక్కుతుందా, బస్సెక్కుతుందా?"

కత్తెర కదిలింది. జడత్వం రాలిపోయింది. బ్రేకులు రాలిపోయాయి.

"'బస్సు సాధారణంగా ఆగకుండా వెళ్తుంది.' సాధారణంగా ఏమిటి?"

"ఒకవేళ మధ్యలో ఆగితేనో?"

"ఆ మాటే చెప్పు మరి. 'కొన్నిసార్లు బస్సు ఆగుతుంది. నేను కూర్చునే ఉంటాను. బస్సు మళ్ళీ కదులుతుంది.'"

మిగిలింది మా అమ్మాయిని పిలిచి చదివించారు. 'ప్రయాణం' దగ్గర ఆగింది. నేను అందించబోయాను.

"ఆగింది పిల్ల కాదు, వాక్యం," అంటూ ఆ మాటా కోసేశారు.

ఇంటికి తెచ్చిన కత్తిరింపుల కుప్ప చూసి మా ఆవిడ, "ఈవిడ మనింట్లోనే ఉంటే ఎంత ప్రశాంతంగా ఉండేదో," అంది.

సోమవారం బస్సొచ్చింది. అమ్మాయి ఎక్కి స్నేహితురాలి పక్కన కూర్చుంది. మలుపు దగ్గర సిగ్నల్ పడి బస్సు ఆగింది. నా గుండె కూడా. కిటికీలో అమ్మాయి తల పుస్తకం మీదికి వంగింది. పెదాలు కదులుతున్నాయి. ఏడవలేదు. బస్సు కదిలింది.

పక్కన చూస్తే కత్తెర టీచరు.

"మీకు బడి లేదాండీ?"

"సెలవు పెట్టాను. పిల్లకు పుస్తకముంది, బస్సులో ఆయా ఉంది. నీకేముంది?" అన్నారు. "నీ ఒకవేళలన్నీ దాని సంచిలో పెడితే మోయలేదు, బాబూ. అందుకే కోశాను. ఇప్పుడు చెప్పు, వింటాను."

చెప్పాను. ఒకవేళ డ్రైవరు కొత్తవాడైతే, ఒకవేళ నీళ్ళ సీసా మూత రాకపోతే, ఒకవేళ స్నేహితురాలు అలిగితే... ఒకటే వాక్యం, వీధి చివరిదాకా సాగింది. ఆమె ఒక్క ముక్క కొయ్యలేదు.

"అయిందా?"

"సగం అయిందండీ."

"కానివ్వు. సాయంత్రందాకా బస్సు రాదు."