కళ్లు తెరవని ద్వారబంధం

పరంధామయ్యకు పాత కర్ర కంటపడితే గోరు ఊరుకోదు. కర్ర మీద రంగు ఉండకూడదు, అంతే! ఎవరింటికి వెళ్లినా ముందు వాళ్ల ద్వారబంధాన్ని బొటనవేలి గోటితో గీకి, కిందున్నది టేకో వేపో తేల్చుకున్నాకే లోపలివాళ్ల క్షేమం అడుగుతాడు. చిత్తూరు బడిలో డ్రాయింగు మాస్టరుగా పిల్లల చేత రోజంతా రంగులు వేయించే మనిషికి, కర్ర మీద రంగంటే అంత కక్ష ఎందుకో ఆ ఏడుకొండలవాడికే తెలియాలి.

భార్య చంద్రకాంతమ్మ తమ్ముడికి పిల్లను చూడటానికి ఓసారి అందరూ ఏర్పేడు వెళ్లారు. పెద్దల మాటలు పూర్తయ్యేలోపల ఈయన వాళ్ల స్తంభానికి ఒకవైపు ఎర్రరంగు సాంతం ఊడగొట్టాడు.

“ఎట్లుండాది బావా?” అని పెళ్లికొడుకు గుసగుసగా అడిగాడు.

“మేలైన టేకు అబ్బా! యాడా చెద లేదు.”

ఆ సంబంధం కుదిరిందంటే పిల్ల నాయన మంచితనమే తప్ప ఈయన గొప్ప కాదు.

అలాంటివాడు ఊళ్లోనే, గిరింపేటలో పాత ఇల్లు కొన్నాడు. వీధివాకిలికి నిలువెత్తు ద్వారబంధం, దాని నిండా తామరలు, చిలకలు. పండగ పండగకూ పచ్చరంగు పూసీ పూసీ చిలకలకు ముక్కులు కూడా లేకుండా చేశారు పాతవాళ్లు. అసలు చెక్కడం బయటపడ్డాకే గృహప్రవేశం అని ఒట్టేసుకుని, గాజుపెంకు పట్టుకుని కూర్చున్నాడు పరంధామయ్య. ఇల్లు అమ్మిన కుప్పమ్మ అనే ముసలామె అందాకా అందులోనే కాపలా ఉంటానంది.

చంద్రకాంతమ్మేమో ఒంటిగది అద్దె కొంపలో, పక్కవాటా పొయ్యి పొగ మింగుతూ, సొంత వంటింట్లో పాలు పొంగించే రోజు కోసం కాచుకుని ఉంది. ఉగాది పోయింది. వినాయక చవితి పోయింది.

“ఏమయ్యా, యాడికొచ్చింది పని?”

“కర్ర ఇంకా కళ్లు తెరవలేదే.”

“బర్మా యుద్ధం కూడా అయిపోయింది! నీ కర్ర కళ్లు తెరవడానికేం? కుంభకర్ణుడా అది?”

చివరికి ఆమెకు ఓపిక చచ్చింది. తనే పురోహితుణ్ణి అడిగి ముహూర్తం పెట్టించి, పని సంగతి స్వయంగా తేల్చుకుందామని ఒక ఆదివారం మధ్యాహ్నం గిరింపేట వెళ్లింది. వాకిలి కేసి చూసింది. తామరలన్నీ కడిగిన ముఖాల్లా తేటగా ఉన్నాయి. తన మొగుడు, రంగంటే పగబట్టిన మొగుడు, కుంచె పట్టుకుని వాటికి మళ్లీ పచ్చరంగు పూస్తున్నాడు!

ఆమె కేక వేయబోయేంతలో లోపలినుంచి కుప్పమ్మ గొంతు వినబడింది.

“అయ్యవారూ, అయిపోయిందా? అయితే నేను మూట కట్టుకుంటా. అమ్మిన ఇంట్లో ఊరికే కూర్చునే గుణం మాకు లేదు. బర్మా పోయిన మా కొడుకు మునెయ్య వచ్చేదాకా ఉంటే బాగుండు, వానికి ఈ వాకిలి తప్ప ఇంకోటి తెలీదు. అయినా మాటంటే మాటే.”

“యాడ అయింది పెద్దమ్మా! ఇంకా ఒక పొర ఉండాది. నువ్వు పోతే కాపలా ఎవరుంటారు?”

వెనక్కి తిరిగిన పరంధామయ్య భార్యను చూసి కుంచె వీపు వెనక దాచుకున్నాడు.

“నాకెందుకు చెప్పలేదు?” అంది చంద్రకాంతమ్మ పళ్లు బిగబట్టి, మెల్లగా.

“నీ నోట్లో నువ్వుగింజ నానదు కదే! నీకు చెబితే పొద్దుగూకేలోపల పెద్దమ్మ చెవిన పడతాది. ఆ యమ్మ మూట కట్టేస్తాది.”

చంద్రకాంతమ్మకు ఒళ్లు మండింది. మండి ఏం లాభం, ఆ పిచ్చిమనిషి మీద అంతకు రెండింతలు ప్రేమ పొంగుకొచ్చింది. అతని చేతిలోని కుంచె లాక్కుంది.

“ఇటియ్యి. ఆ మూల తామర అట్లే వదిలేసినావు.” తర్వాత వీధంతా వినబడేలా అరిచింది. “పెద్దమ్మా, నువ్వు కదలొద్దు! కర్ర ఇంకా కళ్లు తెరవలేదంట!”

మునెయ్య మామిడికాయల రోజుల్లో వచ్చాడు, భుజాన ఇనపపెట్టెతో, నేరుగా ఆ వాకిట్లోకే. “అమ్మా!” అన్న ఒక్క పిలుపుకి కుప్పమ్మ ఎట్లా పరుగెత్తుకొచ్చిందో గిరింపేట అంతా చూసింది. కొడుక్కి పాకాల రైల్వేలో పని దొరకగానే తలెత్తుకుని అతనితో బండెక్కింది. ఆ బండి వీధి మలుపు తిరిగిందో లేదో, చంద్రకాంతమ్మ నోట్లో ఇన్నాళ్లూ నానిన నువ్వుగింజ కాస్తా ఇంటింటికీ పంచిపెట్టేసింది.

వారం తిరక్కుండా కర్ర కళ్లు తెరిచింది.

గృహప్రవేశం నాడు పాలగిన్నె పట్టుకుని గడప ముందు నిలబడిన చంద్రకాంతమ్మ తలెత్తి చూసింది. అవిసెనూనె తాగి టేకు నిగనిగలాడుతోంది. పైన మూలగా ఒక చిలక మాత్రం ఇంకా పచ్చగానే ఉంది.

“ఏమయ్యా, దాన్ని మర్చిపోయినావే?”

“లేదే, ఉండనీ.” పరంధామయ్య గొంతు తగ్గించాడు. “రేపు మళ్లీ ఎవురన్నా మూట కట్టుకుంటామంటే, మనకు పని మిగిలుండాల కదా!”