ముందు నీళ్లు, తరువాత చీట్లు

గుర్రప్పందెంలో ఏ గడిలో నిలబడి పరుగు మొదలుపెట్టినా ఒకటేనని, మిగిలినదంతా అదృష్టమని అనేవారితో నేను ఏనాడూ ఏకీభవించలేదు. పందెం నేలలను పరీక్షించడం నా వృత్తి. తాడేపల్లిగూడెం దగ్గర గుర్రాన్ని పెంచుతున్న సుజాత గారు నిన్న సాయంత్రం ఫోను చేశారు. "పోయినేడాది గట్టు పక్క గడి వచ్చిందండీ. బురదలో మా గుర్రం గౌరి కాలు బెణికింది. ఈసారీ చీటీలో అదే వచ్చింది. ఒకసారి వచ్చి నేల చూస్తారా?" అన్నారు. రాత్రి రైలుకే బయలుదేరాను.

ఏలూరు స్టేషనులో దిగేసరికి ఉదయం ఆరున్నర. బస్సు కోసం ఆగకుండా నాలుగు వందలకు ఆటో మాట్లాడుకున్నాను. పందెం జరిగే కొల్లేరు వైపు దారి పొడవునా చేపల చెరువులే. రాత్రి కురిసిన వాన గుంతల్లో ఇంకా నిలిచే ఉంది. "పందేనికాండీ? ఎవరి మీద కాశారు?" అన్నాడు డ్రైవరు. నేల మీద అన్నాను. "అదెప్పుడూ ఓడిపోదు లెండి" అని నవ్వాడు.

పందెం బాట చెరువు గట్టు వెంట తిన్నగా సాగే మట్టి దారి. ఆరు గుర్రాలు పక్కపక్కన పరిగెత్తవచ్చు. వాన అంతటా ఒకేలా కురిసినా నేల ఒకేలా ఆరదు. బయలు వైపు గాలికి పైపొర ఆరి డెక్కకు పట్టు దొరుకుతుంది. గట్టు నీడలో తేమ నిలిచిపోతుంది. ఇనుప చువ్వ గుచ్చితే గట్టు పక్క జానెడు దిగింది, బయలు వైపు రెండు వేళ్లయినా దిగలేదు. పైగా దుమ్ము లేవకుండా నీళ్లు చల్లడం ఇక్కడి ఆనవాయితీ. ట్యాంకరు గట్టు మీదుగానే రాగలదు కనుక ఆ నీళ్లూ తడిసిన పక్కనే పడతాయి.

ట్యాంకరు రానే వచ్చింది. సుజాత గారు గౌరిని దానికి అడ్డంగా నిలబెట్టారు.

"ఓడిపోతామని ముందే సాకు వెతుక్కుంటున్నారేంటండీ?" అన్నాడు బయలు వైపు గడి దక్కిన గుర్రం యజమాని.

"చీట్లు నిన్న తీశారు, నీళ్లు ఇవాళ పోస్తున్నారు. ఎవరెక్కడో తెలిశాక నేల తడిపేటట్టయితే ఇంక చీట్లెందుకండీ? పోనీ, మీరు ఇటు రండి, నేను అటొస్తాను."

"ఎప్పుడూ ఇలాగే కదమ్మా చేస్తున్నాం" అన్నారు పందెం కమిటీ పెద్దాయన.

"అందుకేనండీ అడుగుతున్నాను."

నేను చువ్వను పెద్దాయన చేతికిచ్చాను. ఆయన రెండు పక్కలా స్వయంగా గుచ్చి చూసి, "ట్యాంకరు వెనక్కి తిప్పండర్రా. చీట్లు మళ్లీ వేద్దాం" అన్నారు.

సుజాత గారు కొత్త చీటీ విప్పారు. మళ్లీ గట్టు పక్కే! జనం గొల్లున నవ్వారు.

"ఇప్పుడేమంటారండీ?" అన్నాడు ఆ యజమాని.

"పరిగెత్తిస్తానంటాను."

పది గంటల ఎండకు మరోసారి గుచ్చి చూశాను. లోతు సగానికి తగ్గింది. కాలికి ప్రమాదం లేదు, వేగం మాత్రం తగ్గుతుందని ఉన్నదున్నట్టు చెప్పాను. సుజాత గారి తమ్ముడు స్వారీ చేయగా గౌరి మూడోదిగా వచ్చింది. డెక్కల బురద కడుగుతూ సుజాత గారు అన్నారు: "ఇవాళ ఓడించింది చీటీయేనండీ, ట్యాంకరు కాదు. కాలు చూడండి, ఎలా ఉందో!"

అదృష్టానికి తలవంచడానికి నాకు అభ్యంతరం లేదు; దాని పేరు పెట్టుకుని తిరిగే అలవాటుకు మాత్రం తలవంచను. మీరు ఇలాంటి పందేనికి వెళితే ఎండెక్కకముందే చేరి, బాటకు అడ్డంగా ఒకసారి నడిచి, చెప్పులకు మట్టి ఎక్కడ అంటుకుందో చూడండి. చీట్లు ఎప్పుడు తీశారో అడగండి. నీళ్లకు ముందే అంటే, అక్కడే నిలబడి మళ్లీ వేయమని అడగండి.