శుక్రవారం గోళ్లు

నా కోడలు చనిపోయింది. ఈ వానలకు ఊరంతా తిరిగిన జ్వరమే ఆమెకూ వచ్చింది. మాత్రలు మింగుతూ పనికి పోయింది, తర్వాత లేవలేకపోయింది. తిరుపతి ఆసుపత్రి నుంచి నా కొడుకు ఫోన్ చేస్తే, నా చెల్లెలు ఆ ఫోన్ తెచ్చి నా చెవికి ఆనించింది. "నాయనా, అయిపోయింది" అన్నాడు.

శవం ఇంకా శ్రీకాళహస్తికి రాలేదు, మా వాకిట్లో మాటలు మొదలయ్యాయి. మొదలుపెట్టింది నా చెల్లెలే. కోడలు ఆసుపత్రిలో ఉందని నాకు వండిపెట్టడానికి పుత్తూరు నుంచి వచ్చిన మనిషి.

"శుక్రవారం పూట గోర్లు తీస్తా ఉన్నింది. పోయినసారి వచ్చినప్పుడు నా కండ్లతో సూసినా. ఆ ఇంట్లో లచ్చిమి నిలుస్తాదా?"

పక్కింటామె వెంటనే అందుకుంది. "అవునక్కా. నేనూ సూస్తానే ఉండా. చెప్తే వినే రకమా ఆ పిల్ల?"

ఆ మాట వీధి చివరిదాకా పోయింది. జ్వరంతో పోయిన మనిషి గోళ్లతో పోయినట్టయింది. పిల్లలు కలగలేదని ఆమె మీద ముందే ఒక మాట ఉంది. ఇప్పుడిది ఇంకొకటి. నా చెల్లెలు చెడ్డది కాదు. ఏడ్చింది. ఏడుస్తూనే అనింది. నా కడుపుమంట అదే.

ఆమె తీసిన గోళ్లు నావి. అందుకే ఇది రాస్తున్నాను. నా చదువు వీధిబడితో సరి, రాసే చేయి ఎడమది. అక్షరాల్లో తప్పుంటే దిద్దుకోండి, మాట మాత్రం దిద్దొద్దు.

గుడ్డల మీద కలంతో బొమ్మలు వేసి బతికినవాణ్ణి నేను. బెల్లం నీళ్లలో తుప్పు పట్టిన ఇనుము నానేసి మేం చేసే నలుపు ఒకసారి గోళ్లలోకి దిగితే మళ్లీ పోదు. పెళ్లికి పోయినా, చావుకు పోయినా నా గోళ్లు నల్లగానే ఉండేవి. పంక్తిలో నేను అన్నం కలుపుతుంటే కొత్తవాళ్లు ముఖం తిప్పుకునేవాళ్లు. తిప్పుకోనీ. నా ఇంటికి కూడు పెట్టింది ఆ నలుపే.

ఆ తర్వాత పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. కాలు కొంచెం తిరిగి వచ్చింది, చేయి రాలేదు. వేళ్లన్నీ లోపలికి ముడుచుకుని పిడికిలి బిగుసుకుపోయింది. నేను బిగించింది కాదు, నేను విప్పితే విప్పుకునేదీ కాదు. అట్లా ముడుచుకున్న వేళ్లకు గోళ్లు పెరిగితే ఎక్కడికి పోతాయి? అరచేతిలోకే దిగుతాయి. స్పర్శ లేదు కాబట్టి నొప్పి తెలియదు.

కోడలు కనిపెట్టింది. కంచం పెట్టబోయి ఆగింది.

"మామా, ఆ చెయ్యి సూపీ."

"ఏముండాది ఆడ సూసేదానికి? పోమ్మే."

"గబ్బు కొడతా ఉండాది. నాకు సూపీకపోతే వీధిలో అందరినీ పిలుస్తా, అందురూ సూస్తారు. ఏం చెయ్యమంటావో చెప్పు."

చూపించాను. అరచేతిలో గోళ్లు దిగిన చోట పుండయి ఉంది. ఆమె అబ్బా అనలేదు, అయ్యో అనలేదు. పొయ్యి మీద నీళ్లు పెట్టింది. ఆసుపత్రిలో కసరత్తు చేయించే పిల్లవాడు ముందే చెప్పి ఉన్నాడు: వేళ్లు పట్టి లాగొద్దు, నీళ్లలో నాననిచ్చి మణికట్టును లోపలికి వంచండి, వేళ్లు వాటంతట అవే వదులవుతాయి అని. ఆ మాట నా కొడుకూ పక్కనే నిలబడి విన్నాడు. ఆమెకు గుర్తుంది.

నీళ్లలో నా చేయి పెట్టేముందు తన వేలి కొస ముంచి చూసుకునేది.

"గోరువెచ్చన అంటే ఏమో తెలుసునా మామా? గోటికి తెలిసేంత వెచ్చన. నీ చేతికి కాలినా తెలీదు, అందుకని నా గోరు పెట్టి సూస్తా ఉండా" అనేది. పుట్టినప్పటినుంచి వాడిన మాట, అందులో గోరు ఉందని అప్పటిదాకా నాకు తట్టలేదు.

ఆమెకు శ్రీ సిటీలో కంపెనీ పని. ఫోన్లలో పెట్టే చిన్న చిన్న సామాన్లు బిగించాలి. గేటు దగ్గర చేతులు చాపితే గోళ్లు చూసి లోపలికి పంపుతారు. పెరిగి ఉంటే పంపరు. వారానికి ఒకరోజు సెలవు, ఆమెకిచ్చింది శుక్రవారం. నావైనా తనవైనా గోళ్లు తీసేది ఆ రోజే. మిగతా రోజుల్లో తెల్లవారకముందే కంపెనీ బస్సు ఎక్కేది, చీకటి పడ్డాక దిగేది. చీకట్లో గోళ్లు తీస్తే అదీ తప్పే కదా మనకు! నా చెల్లెలు ఎదురుగానే అడిగింది ఒకసారి.

"ఏమ్మే, శుక్రవారం గోర్లు తీస్తే లచ్చిమి పోతాదని మీ అమ్మ చెప్పలేదా నీకు?"

"చెప్పింది పిన్నమ్మా. కంపెనీవాడు సెలవు మార్చనంటాడు. ఆ లచ్చిమినే సెలవు మార్చుకోమను."

నేను నవ్వాను. చాలా రోజుల తర్వాత నవ్వాను. నోరు ఒక పక్కకు పోయి ఉంటుంది కదా, నవ్వితే ఎట్లా ఉంటానో నాకు తెలుసు. ఆమె ముఖం తిప్పుకోలేదు.

గోరు మరీ లోతుగా తీసేది కాదు. మూలలు గుండ్రంగా కోసేది కాదు, తిన్నగా కోసి ఆకురాయితో నున్నగా అరగదీసేది. గోటి మొదట్లో ఉండే పలచటి తోలును మాత్రం ముట్టనిచ్చేది కాదు. నాకు ఎడమచేతి మీద లేచిన తోలును పంటితో పీకే అలవాటు. చూసిందంటే చేతి మీద ఒకటి కొట్టేది, మామ అని చూసేది కాదు.

"అది గోటికి తలుపు మామా. తలుపు పీకి పారేస్తే కుక్కా నక్కా అన్నీ లోపలికి వస్తాయి."

ఒకసారి వచ్చాయి కూడా. బొటనవేలికి గోరుచుట్టు లేచి సలుపుతుంటే నిమ్మకాయకు బొక్క చేసి వేలికి తొడిగింది. అరుగు మీద అట్లాగే కూర్చున్నాను. దారిన పోయేవాడు ఒకడు, "ఏమప్పా, వేలికి కిరీటం పెట్టినావే!" అన్నాడు. "రాజు ఒళ్లు బాగలేక పడుండాడు, వేలు రాజ్యం సేస్తా ఉండాది" అని లోపలినుంచి ఆమె. మరునాటికీ వాపు తగ్గకపోయేసరికి నిమ్మకాయ తీసేసి డాక్టరు దగ్గరికి పంపింది. ఇంటి మందు ఎక్కడ ఆగుతుందో ఆమెకు తెలుసు. తన జ్వరం సంగతి వచ్చేసరికి మాత్రం తెలియలేదు. సెలవు పెడితే లైన్లో ఇంకొకరిని కూర్చోబెడతారని భయం.

నెలలు గడిచేకొద్దీ నా గోళ్లు మొదలు నుంచి తెల్లగా రావడం మొదలైంది. నలుపు చివరికి జరుగుతూ పోయింది. శుక్రవారం శుక్రవారం కొంచెం కొంచెం తెగి కింద పడింది. ఆఖరి నలుపు పడిన రోజు నాకు ఒళ్లు మండింది.

"నా పనంతా కోసి పారేస్తివి గదమ్మే!"

"గోరు పోతే పని పోతాదా? అట్లయితే మంగలాయన ఎంతమంది పని కోసి పారేసి ఉంటాడో!"

ఆ పూట నేను అన్నం తినలేదు. తినమని ఆమె బతిమాలలేదు. కంచం మూత పెట్టి, నా చేతులకు పూయగా మిగిలిన కొబ్బరినూనె తన గోళ్లకు రుద్దుకుంటూ కూర్చుంది. కంపెనీలో ఏదో నీళ్లతో రోజంతా తుడిచి తుడిచి ఆమె వేళ్ల కొసలు పగిలి ఉండేవి. వాటి గురించి ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అడగలేదు, ఆమె కూడా చెప్పలేదు. మా ఇద్దరిదీ అట్లాంటి మాటల వరస కాదు.

కర్మ కాకముందే శుక్రవారం వచ్చింది. మైల ఇంట్లో గోళ్లు తీయకూడదు. కానీ నా చేతికి మైల తెలియదు, గోళ్లు పెరుగుతూనే ఉన్నాయి. వాకిట్లో ఆడవాళ్లంతా కూర్చుని ఉన్నారు. నేను గోడ పట్టుకుని వాళ్ల మధ్యకు పోయి పిడికిలి ముందుకు పెట్టాను.

"తీయండి" అన్నాను.

"మైల అన్నా" అంది నా చెల్లెలు. "పైగా ఈ పొద్దు శుక్రవారం."

"లచ్చిమి పోతాదనే కదమ్మే నీ బయం? ఈ ఇంటి లచ్చిమిని మొన్ననే మోసకపోతిరి. ఇంకా యా లచ్చిమి ఉండాది ఈడ, పోయేదానికి?"

పక్కింటామె పమిట సర్దుకుంది. నా కొడుకు లోపలినుంచి కట్టర్ పట్టుకుని వచ్చి నా ముందు గొంతుకూర్చున్నాడు. వాడికి చేతకాదు, నీళ్లలో నాననివ్వకుండానే వేళ్లు పట్టి లాగాడు. చూపుడువేలు దగ్గర తోలు తెగి నెత్తురు వచ్చింది. నాకు నొప్పి లేదు, వాడే పెదవి కొరుక్కున్నాడు. తెగిన గోటిముక్కలు ఎగిరి చాప మీద పడుతుంటే, ఆడవాళ్లు ఒక్కొక్కరే కాళ్లు వెనక్కి లాక్కున్నారు. ఒక ముక్క నా చెల్లెలి చీర కుచ్చిళ్ల మీద పడింది. ఆమె దాన్ని దులపలేదు. అట్లాగే చూస్తూ కూర్చుంది.